ముందర గదిలో కంప్యూటర్

స్విచ్ నొక్కగానే లోపలి ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. ఈసారి ఆ అర చుట్టు కూడా లేదు. మానిటర్ నల్లగా అట్లాగే ఉంది. దాని గాజులో నా వెనక నిలబడిన వాళ్ళంతా కనిపిస్తున్నారు. నాన్న, అన్న, పక్క అంగడి ఆయన, ఎదురింటి దంపతులు. హారతి పళ్ళెం పట్టుకున్న అమ్మ మాత్రం వాకిలి దగ్గరే ఆగిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు నాన్న. అప్పటికింకా ఆయన ముఖంలో నవ్వు పోలేదు.

"ఒక్క నిమిషమప్పా," అన్నాను.

నేను సొంత చేతులతో కట్టిన మొదటి కంప్యూటర్ అది. ఆ పొద్దు అది నడిచి ఉంటే నా బతుకు ఇంకో మాదిరిగా ఉండేది. ఇది నేను ఊరికే నిట్టూర్పుగా అనే మాట కాదు. ఆ గది నాకు దక్కడమా లేదా అన్నది ఆ స్విచ్ మీదే పెట్టాడు మా నాన్న.

గది సంగతి చెప్పాలి. బాగేపల్లిలో రోడ్డు మీదకే మా కట్టడం. ముందు వైపు నాన్న ఎరువుల అంగడి, వెనక ఇల్లు. అంగడికి ఆనుకొని వేరే షట్టరు ఉన్న చిన్న గది ఒకటి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అందులో ఖాళీ గోతాలు, చెడిపోయిన స్ప్రేయర్లు, ఎలుకలు తప్ప ఇంకేం లేవు. ఎవరికీ అక్కరలేని ఆ గది నాకు ఇమ్మని అడిగిన రోజు నుంచి మాత్రం అది అందరికీ కావలసి వచ్చింది. డ్రిప్ పైపులు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని అన్నకు సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. అంతకు ముందు ఆ పైపులు వరండాలో హాయిగా పడి ఉండేవి.

నేను పియుసి, అంటే ఇంటర్, అయ్యాక చిక్కబళ్ళాపురంలో కంప్యూటర్ హార్డ్‌వేర్ కోర్సులో చేరాను. టైపింగ్ నేర్చుకుంటుందనుకొని నాన్న ఒప్పుకున్నాడు. రోజూ పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఒకసారి నా బ్యాగులో స్క్రూడ్రైవర్లు, నోస్ ప్లయర్ చూసి నాన్న ముఖం మాడ్చుకున్నాడు.

"ఇదేం చదువమ్మా, మెకానిక్ షెడ్డుకు పోతాండావా నువ్వు?"

నేను కోపిష్టిదాన్ని. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆ రోజు కోపాన్ని దిగమింగి, అంగడి పెట్టుకున్న మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాను. తాలూకు ఆఫీసుకు పల్లెల నుంచి వచ్చేవాళ్ళు అర్జీ టైపు చేయించుకోను ఎంతసేపు నిలబడుతున్నారో చూడమన్నాను. పరగోడు నుంచి వచ్చినాయన ఒక కాగితం కోసం పొద్దంతా కాచుకొని, ఆఖరి బస్సుకు ఉత్త చేతులతో పోవడం నాన్న కూడా చూసినదే. ఊళ్ళో ఉన్న ఒకటీ అరా కంప్యూటర్లు చెడిపోతే చిక్కబళ్ళాపురం నుంచి మనిషి రావాలి. వస్తే వచ్చాడు, లేకపోతే లేదు. ఆ గదిలో నేనే టైపు చేసి, చెడిపోతే నేనే బాగు చేసుకుంటే ఎట్లుంటుందో ఆలోచించమన్నాను.

నాన్న ఆలోచించాడు. రెండు రోజుల తర్వాత భోంచేస్తూ తీర్పు చెప్పాడు.

"కొన్నది వద్దు. నువ్వే కట్టు. నలుగురి ముందర అది నడిచిందంటే గది నీది. నడవలేదా, మీ అన్న పైపులు పెట్టుకుంటాడు. మళ్ళీ ఆ మాట ఎత్తగూడదు."

ఇంటి ఆడపిల్లకు ఒక గది ఇవ్వడానికి ఇంత పరీక్ష పెట్టిన మనిషి, అన్నకు బండి కొనిచ్చేటప్పుడు నడపడం వచ్చా అని కూడా అడగలేదు. అయినా నేను పొంగిపోయాను. పరీక్షలంటే నాకెప్పుడూ భయం లేదు.

బెంగళూరులో, కోర్సు నేర్పే మా సార్ చెప్పిన అంగడి నుంచి సామాన్లు వచ్చాయి. గోతాలు తీయించి, గది కడిగించి, గోడకు సున్నం వేయించి, గురువారం మధ్యాహ్నం నేల మీద దుప్పటి పరచుకొని కూర్చున్నాను. కొత్త సామాన్ల వాసన ఇప్పటికీ నాకు ఇష్టమే. క్యాబినెట్ అనే ఖాళీ ఇనుప పెట్టెను పడుకోబెట్టి, లోపలి రేకుకు ఇత్తడి మేకుల్లాంటివి బిగించి, వాటి మీద మదర్‌బోర్డు కూర్చోబెట్టాను. బోర్డు వెనక అంతా టంకం పెట్టిన మొనలుంటాయి. అవి క్యాబినెట్ ఇనుముకు తగిలితే కరెంటు దారి తప్పుతుంది. అందుకే కింద వేలెడు కూడా లేని సందు వదులుతారు. క్లాసులో ఈ పని ఎన్నిసార్లు చేసి ఉంటానో. కానీ సొంతానికి చేస్తుంటే ప్రతి స్క్రూ దగ్గరా ఆగి చూసుకున్నాను.

అమ్మ కాఫీ తెచ్చి, పోకుండా నా పక్కనే కూర్చుంది. అది ఆశ్చర్యమే. నేనేం చదువుతున్నానో, ఏం చేస్తున్నానో ఆ ఇంట్లో అడిగిన వాళ్ళు లేరు.

"ఇన్నిట్లో ఏది ముఖ్యం పాపా?" అంది.

"ఇదమ్మా. మిగతావన్నీ దీనికి తగిలించేవే. ఇంటికి పునాది మాదిరి ఇది."

"దాని కింద ఏముంటాది?"

"ఏం లేదు. ఇంత సందు ఉంటాది."

అమ్మ వంగి ఆ సందులోకి చూసింది. నా తల నిమిరి, చల్లారిన కాఫీ తీసుకుపోయి వేడి చేసి తెచ్చింది. మా అమ్మ నా పక్షం అని ఆ పొద్దు నాకు కడుపు నిండిపోయింది.

పొద్దుగుంకే లోపల అన్నీ బిగించేశాను. పక్క తలుపు ఒక్కటి వేయలేదు. ఒకసారి స్విచ్ వేసి చూసుకుంటాననేసరికి నాన్న అడ్డం పడ్డాడు.

"వద్దు. రేపు పొద్దున మంచి గడియలో, అందరి ముందర వేస్తువు."

"సరిగ్గా ఉండాదో లేదో చూసుకోవాల కదప్పా. ఏదన్నా తప్పుంటే ఇప్పుడే సరిచేసుకుంటా."

"కొత్తింట్లో పాలు పొంగించకముందే పొయ్యి ముట్టిస్తారా ఎవరన్నా?"

కంప్యూటర్ పొయ్యి కాదంటే, ఎదురు మాట్లాడానని ఆ గది మాటే తీసేస్తాడు. స్క్రూడ్రైవర్ బ్యాగులో పెట్టేశాను. క్యాబినెట్‌ను పడుకోబెట్టినట్లే మోయించి నాన్న దేవుడి గదిలో పెట్టించాడు. పొద్దున స్నానం చేసి వచ్చి, పక్క తలుపు బిగించి, బల్ల మీద నిలబెట్టి వైర్లు తగిలించాను. ఎదురింటామె మానిటర్‌కు బంతిపూలు వేసింది. నాన్న టెంకాయ కొట్టాడు. నేను స్విచ్ నొక్కాను.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మొదట వెనక వైరు ఊడదీసి మళ్ళీ పెట్టాను. గోడ ప్లగ్గులో టేబుల్ ఫ్యాన్ పెట్టి చూశాను, అది గిరగిరా తిరిగింది. అందరూ దాన్నే చూసి తలాడించారు. పక్క తలుపు విప్పాను. ర్యామ్ పీకి, రబ్బరుతో దాని కాళ్ళు రుద్ది, మళ్ళీ నొక్కాను. అంతే, అర చుట్టు తిరిగి ఆగిపోయింది. వైరు పీకి కాసేపు ఉంచి మళ్ళీ పెడితేనే ఆ అర చుట్టు. హార్డ్ డిస్క్ తీసేశాను. ఫ్లాపీ తీసేశాను. స్విచ్ చెడిందేమోనని దాని వైర్లు తీసి, రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ మొనతో కలిపి చూశాను. అదే అర చుట్టు. బోర్డు మీది గుండు బ్యాటరీ తీసి పెట్టాను. నా చేతులు పని చేస్తున్నాయి గానీ, వెనక నుంచి వచ్చే మాటలన్నీ వీపు మీద పడుతున్నాయి.

"కరెంటు తక్కువుందేమో," అన్నాడు పక్క అంగడి ఆయన, పాపం, నన్ను కాపాడాలని.

"కరెంటు బాగానే ఉండాదిలేప్పా," అన్నాడు అన్న. "కట్టిన చేయిదే ఏమో. ఒళ్ళంతా విప్పేసింది చూడు. కోడిని కోసినట్ల."

ఎదురింటాయన నవ్వాడు. నాన్న నవ్వలేదు. నాన్న ముఖం ఎర్రబడుతోంది.

నాకు అప్పటికే అర్థమవుతోంది. కరెంటు వస్తోంది, పవర్ సప్లై లేస్తోంది, ఎక్కడో ఏదో తగలకూడనిది తగులుతోంది, అందుకే భయపడి ముడుచుకుంటోంది. అట్లాంటప్పుడు చేసేది ఒకటే. బోర్డును క్యాబినెట్‌లో నుంచి పూర్తిగా బయటికి తీసి, ఒక అట్ట ముక్క మీద పెట్టి నడిపించి చూడాలి. మా సార్ మొదటి వారంలో నేర్పించింది అదే. స్క్రూడ్రైవర్ తీసుకొని బోర్డు స్క్రూ మీద పెట్టాను.

"ఏం చేస్తాండావు?" అన్నాడు నాన్న.

"బోర్డు బయటికి తీసి చూడాలప్పా. అప్పుడు తెలిసిపోతాది. శానా సేపు పట్టదు."

"పూజ చేసినదాన్ని అంతా పెరికి కుప్ప పెడతావా, నలుగురి ముందర?"

"తీస్తే గానీ..."

"గడియ దాటిపోయె. చాల్లే తల్లీ నీ చదువు."

ఆ 'తల్లీ'లో ప్రేమ లేదు. వచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే టెంకాయ చిప్ప తీసుకొని, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయారు. నాన్న ఎరువుల అంగట్లోకి పోయి, ఎవరో రైతు అడగకుండానే యూరియా గురించి గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు. అన్న మటుకు గది గోడలను కళ్ళతోనే కొలుస్తూ నిలబడ్డాడు. నేను మానిటర్ మీది పూలదండ పీకి మూలకు విసిరేశాను. అమ్మ వచ్చి దాన్ని ఎత్తి, కళ్ళకద్దుకొని తీసుకుపోయింది.

ఆ తర్వాత దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు. మంచి గడియలో చెడింది ఇంట్లో విప్పితే ఇంటికి మంచిది కాదన్నాడు నాన్న. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఏడ్చాను, అరిచాను, శనివారమంతా అన్నం మానేశాను. చివరకు, "ఇంట్లో కాదు, మా సార్ దగ్గర విప్పుతా," అన్నాను. "యాడన్నా విప్పుకో పో," అన్నాడు.

సోమవారం క్యాబినెట్‌ను దుప్పట్లో మూట కట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని చిక్కబళ్ళాపురం పోయాను. కండక్టర్, "పాప నిద్రపోతాండాదా అమ్మా?" అని అడిగాడు.

సార్ నా ముఖం చూశాడు, మూట చూశాడు. బల్ల ఖాళీ చేయించి, తాను దూరంగా నిలబడి, "నువ్వే తియ్యి," అన్నాడు. స్క్రూలన్నీ తీసి, బోర్డును రెండు చేతులతో పట్టుకొని పైకెత్తాను. దాని వెనక నుంచి పల్చటి రేకు ఒకటి జారి బల్ల మీద పడింది.

రాగి రేకు. అరచేతిలో సగం ఉంటుంది. దాని మీద సన్నగా గీసిన గడులు, అక్షరాలు. అంచులకు ఎండిపోయిన పసుపు. బోర్డు మొనలు గుచ్చుకున్న చోటల్లా చిన్న చిన్న గుంటలు పడి ఉన్నాయి. ఆ సందుకు సరిగ్గా పట్టేటట్లు ఇరికించారు. అటు బోర్డు మొనలకూ ఇటు క్యాబినెట్ ఇనుముకూ మధ్య రాగి పెడితే ఇంకేం నడుస్తుంది?

సార్ దాన్ని ఎత్తి వెలుగులో పట్టుకొని చూశాడు.

"ఇది నేను నేర్పించలేదే," అన్నాడు. తర్వాత నవ్వు మాని, "ఎవరన్నా నీ మీద కక్షతో పెట్టిండారామ్మా?" అని అడిగాడు.

"లేదు సార్. మంచికే పెట్టిండారు."

నాకు చూడగానే తెలిసిపోయింది. ఇట్లాంటి రేకే మా ఇంటికి కొత్త గడప పెట్టినప్పుడు అమ్మ దాని కింద పెట్టడం చిన్నప్పుడు చూశాను. అమ్మ పుట్టిల్లు బట్లహళ్ళి. అక్కడ రేకులు గీసి ఇచ్చే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఏ కోరికకు ఆ రేకు. కొత్తగా కట్టింది ఏదున్నా దాని అడుగున పెట్టాలి, ఇంటి ఆడమనిషే పెట్టాలి, పెట్టినట్టు ఎవరికీ చెప్పకూడదు, చెబితే పనిచేయదు. ఇది అమ్మ వాళ్ళ ఆచారం. నాన్నకు పంచాంగం కావాలి, పూజారి కావాలి గానీ, ఆ ముసలాయన పేరెత్తితే మాత్రం పూనకం వచ్చేది. గడప కింది రేకు సంగతి తెలిసిన రోజు దాన్ని పెరికించి రోడ్డు మీదకు విసిరేసి, ఇంకోసారి ఆ రేకు నా ఇంట్లో కనబడితే నువ్వు బట్లహళ్ళిలోనే ఉండిపో అని అమ్మను అన్నాడు. ఎన్నో నెలలు ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెట్టమని కూడా నాతో చెప్పించేవాడు.

అంత భయం పెట్టుకొని కూడా నా కోసం మళ్ళీ ఆ పని చేసింది మా అమ్మ. నా అంగడి బాగుండాలని, దేవుడి గదిలో పడుకోబెట్టిన కంప్యూటర్ దగ్గరికి దొంగలాగా పోయి పునాది కింద రేకు పెట్టింది. పునాది ఏదో చూపించింది నేనే. బల్ల పట్టుకొని నవ్వానో ఏడ్చానో గుర్తు లేదు. బోర్డును మళ్ళీ బిగించి స్విచ్ నొక్కితే ఫ్యాన్ ఆగకుండా తిరిగింది. కీచుమని ఒక్క చిన్న కూత. తెర మీద తెల్లటి అక్షరాలు.

"బోర్డు కాలిపోయుండాల. నీ అదృష్టం," అన్నాడు సార్.

తిరుగు బస్సులో మూటను హత్తుకొని కూర్చున్నాను. నాన్న ముందర దీన్ని నడిపిస్తాను, తగలకూడనిది ఒకటి తగిలిందని చెప్తాను, అమ్మ పేరు ఎత్తను, అనుకున్నాను. తప్పు నాది కాదని తెలిస్తే చాలు, గది నాదే. ఏ వైపు బల్ల వేయాలి, ఎండ పడకుండా ఎక్కడ తెర కట్టాలి అన్నీ ఆ దారిలోనే ఆలోచించుకున్నాను.

బస్సు దిగి వచ్చేసరికి ముందర గది షట్టరు తెరిచి ఉంది. నేల నుంచి కప్పు దాకా నల్లటి పైపుల చుట్టలు. నేను వేయించిన సున్నం వాటికి రాసుకొని తెల్ల చారలు పడ్డాయి.

అంగట్లోనే, నాన్న గల్లాపెట్టె పక్కన కంప్యూటర్ పెట్టి, మానిటర్ తగిలించి స్విచ్ నొక్కాను. నడిచింది. నాన్న తెర వైపు చాలాసేపు చూశాడు. సంతోషించాడనే అనుకుంటాను, ఒక్క క్షణం.

"మరి ఆ పొద్దు ఏమైండె?"

"లోపల ఇది ఇరుక్కోనుండె." రేకు బల్ల మీద పెట్టాను. చూపించకూడదనే అనుకున్నాను. కానీ పైపులు చూశాక నాకు నిలవలేదు.

నాన్న దాన్ని వేలితో కూడా ముట్టలేదు. అప్పటికి అమ్మ వెనక వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఎవరు పెట్టినారు దీన్ని?" అన్నాడు. గొంతు పెంచలేదు. అది ఇంకా చెడ్డది.

నేను అమ్మ వైపు చూశాను. చెప్తుందని అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. చెబితే నాన్న ఎగురుతాడు, నెల రోజులు మాట్లాడడు, కానీ నా పనిలో తప్పు లేదని తేలుతుంది. నేను అమ్మకు అడ్డంగా నిలబడతాను, ఆమె కోసం ఊరంతా వినేటట్లు అరుస్తాను. ఒక్క మాట చాలు. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వైపు కాకుండా పైపుల వైపు చూసింది.

"పోనీలే పాపా. పొద్దున నుంచి ఏం తినింటావో. అన్నం తిందువు రా," అంది.

అప్పుడు కూడా నేను చెప్పలేదు. నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆమెకు ఆ ఇల్లు తప్ప ఇంకేం లేదు కదా అని ఆపుకున్నాను.

"నువ్వు కట్టిన దాంట్లో నీకు తెలీకుండా రేకు దూరిందంటే," అన్నాడు నాన్న, "రేపు జనాల కాగితాలు నీ చేతిలో యాడ భద్రం? ఎవరి దగ్గర తెచ్చుకుంటివో, ఎందుకు పెట్టుకుంటివో నాకు అక్కరలేదు. గది మాట ఇంక ఎత్తొద్దు." రేకును కాగితంతో పట్టి తీసి రోడ్డు పక్క మురుగు మోరీలో పారేశాడు. కంప్యూటర్ లోపల చెయ్యి పెట్టడం అమ్మకు చేతకాదని, నేనే పెట్టుకున్నానని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే మిగిలిపోయాడు.

కంప్యూటర్‌ను మాత్రం పారేయలేదు. దాని మీదే అన్న ఏళ్ళ తరబడి బిల్లులు కొట్టాడు. దుమ్ములో, ఎరువుల ఘాటులో, కరెంటు వచ్చీ పోయే ఊళ్ళో, అది ఒక్కరోజు మొరాయించలేదు. ఎవరన్నా వచ్చి బాగుందే, ఎవరు కట్టిచ్చినారప్పా అని అడిగితే నాన్న, "బెంగళూరు నుంచి తెప్పించినాము," అనేవాడు. నేను లోపల నుంచి వినేదాన్ని. సామాన్లు వచ్చింది బెంగళూరు నుంచే కాబట్టి అబద్ధమని కూడా అనలేను.

ఏడాది తిరిగే లోపల చింతామణి సంబంధం వచ్చింది. ఇంక ఇంట్లో నేను చేసేదేముందని ఒప్పుకున్నాను. ఆయన మంచివాడే, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. చింతామణిలో కోర్టుకు దగ్గరగా ఉన్న ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనికి చేరాను. అర్జీలు, అఫిడవిట్లు టైపు చేస్తాను. చెడిపోయిన కంప్యూటర్లు వస్తే బాగు చేస్తాను. నా పనికి పేరుంది, కానీ బోర్డు మీద పేరు ఓనర్‌ది. ఆయన రాగానే ఆయన కుర్చీలోంచి లేస్తాను. లేచిన ప్రతిసారీ ఆ ముందర గది గుర్తొచ్చేది. అయినా అమ్మను ఏమీ అడగలేదు. నా కోసం చేయబోయింది, బెదిరిపోయి నోరు మూసుకుంది, అంతే కదా అని సర్దిచెప్పుకున్నాను. పండగలకు పోయినప్పుడు మామూలుగానే మాట్లాడేదాన్ని. అంత పెద్ద మనసు నాకుందని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు బంధువుల గృహప్రవేశానికని అమ్మ చింతామణి వచ్చింది. మధ్యాహ్నం నాతో సెంటర్‌కు వచ్చి, గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. ఓనర్ భోజనానికి పోయాడు. ఎవరో తెచ్చి ఇచ్చిన కంప్యూటర్ స్విచ్ వేస్తే లేవడం లేదు. నేను బోర్డు విప్పి అట్ట మీద పెడుతుంటే అమ్మ వంగి చూసింది, అప్పట్లో చూసినట్లే. ఇంక ఉండబట్టలేకపోయాను.

"అమ్మా, ఆ పొద్దు రేకు పెట్టింది నువ్వే కదా."

అమ్మ ఉలిక్కిపడుతుందనుకున్నాను.

"నేనే. ఇంకెవరు పెడతారు?"

"మరి అప్ప అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పనిచేయదు కదా."

"ఏం పని చేసిందమ్మా అది? నడిచే కంప్యూటర్‌ను నడవకుండా చేసె. నా అంగడి పాయె."

అమ్మ నన్ను వింతగా చూసింది.

"అంగడికి ఎవరు పెట్టినారు పాపా? నీ పెండ్లికి కదా పెట్టింది."

అమ్మ నింపాదిగా, పక్కింటామెకు వంట చెప్పినట్లు చెప్పుకుపోయింది. "నువ్వు ఆ రోడ్డు మీద అంగడి తెరుచుకొని మొగోళ్ళ మధ్య కూర్చుంటే ఎవరు అడుగుతారు నిన్ను? మీ అప్పకేమో ఆ ధ్యాసే లేదు. పంతానికి నీకు గది ఇచ్చేసేటట్ల ఉండె. నేను బట్లహళ్ళికి పోయి ఆ ముసలాయన్ని అడిగితే, పిల్ల మొట్టమొదట సొంత చేత్తో కట్టిందేదో దాని కింద పెట్టు, ఏడాది లోపల ఇంట్లోంచి కదులుతాది అన్నె. కదిలితివి కదా. మంచి ఇల్లు, మంచి పిల్లోడు. ఎంత మంచి రేకో అది." కొంగు సర్దుకుంది. "ఇన్నాళ్ళూ నీకు కూడా చెప్పకుండా ఉండేకి ఎంత కష్టమైందో నాకే తెలుసు. ఇప్పుడు చెప్పినా ఏం కాదులే, పని అయిపోయింది."

ఆమె ముఖంలో తప్పు చేసిన గుర్తు వెతికాను. లేదు. తృప్తి ఉంది. ఇన్నేళ్ళుగా నేను పెద్ద మనసుతో మాఫీ చేస్తూ వచ్చింది, నాకు సాయం చేయబోయి బెదిరిన ఒక అమ్మను. అట్లాంటి అమ్మ ఎప్పుడూ లేదు. నాన్న పరీక్ష పెట్టి గది ఇవ్వబోయాడు, అన్న దాన్ని లాక్కోవాలని ఎదురుగానే నిలబడ్డాడు. నా పక్కన కూర్చొని కాఫీ వేడి చేసి ఇచ్చిన మనిషి మాత్రం, ఆ గది నాకు దక్కకూడదని చాటుగా కోరుకుంది. అంత కోపం నాకు అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ రాలేదు. గొంతులోంచి అరుపు వస్తుందనుకున్నాను. వచ్చింది మాత్రం చిన్నపిల్ల గొంతు.

"నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా అమ్మా?"

"అడిగింటే నువ్వు వద్దనుంటివి కదా పాపా," అంది అమ్మ.